నర్సవ్వ కోపం

మరమగ్గాల పేట కామత్‌ఘర్‌లో ఇంటిపట్టున నూలు కండెలు చుట్టే నర్సవ్వకు చేతులకంటే నోరు చురుకు. పురిటికొచ్చిన కూతురి బిడ్డకు నాలుగో నెలకే, అదీ ముందు పైచిగురులో, పన్ను పొడిచింది. అలా వస్తే మేనమామకు గండమని కోడలు సోనాలి మొగుణ్ణి ఉయ్యాల దరికే పోనివ్వలేదు. లోకంలో ఎవరి భయమైనా చివరికి పసిదాని మీదికే వస్తుంది. మూడు రోజులుగా నర్సవ్వే తడిగుడ్డతో చిగుళ్లు తుడుస్తోంది. నూలు కోసుకుని గరుకెక్కిన ఆమె వేళ్లకు పిల్ల మరింత ఏడుస్తోంది. షిఫ్టు దిగొచ్చిన కొడుకు భూషణ్ గుమ్మంలోనే ఆగేసరికి ఆమెకు ఒళ్లు మండింది.

"ఏందిరా, పాలపన్నుకు భయపడ్తున్నవా? నీకు గండమొస్తే నువ్వు నడిపే ఆ సాంచెమగ్గంతోనొస్తది. నూలు మోసే నాడె ఎగిరి ఎందరి కండ్లు పోయినయో ఎరుకలేదా?"

"అత్తమ్మా, గట్ల అనకుండ్రి," అంది సోనాలి.

"అనకుంటే పొల్ల ఏడుపు నువ్వు ఏడుస్తవా?"

భూషణ్ చేతులు కడుక్కొచ్చి పిల్ల నోట్లో వేలు పెట్టాడు. పిల్ల చిగురు దురద తీరా గట్టిగా కొరికి, ఊరుకుంది.

"మూడు దినాలు ఊకెనే ఏడ్పించిన్రు గదరా," అంది నర్సవ్వ, కోపం దిగక.