జోసెఫ్ అన్నయ్య తిప్పి ఇచ్చే క్యాసెట్లు

నిన్న పొద్దున్న ఫోన్ మోగితే జోసెఫ్ అన్నయ్యే అనుకున్నాను. నంబర్ అన్నయ్యదే.

మాట్లాడింది రూత్ వదిన.

"మీ అన్నయ్య మరి లేరమ్మా," అంది.

లేకపోవడమేమిటి? మొన్న ఆదివారమే కదా "కొత్తది దొరికింది, బేగి రా" అని ఫోన్ చేశాడు! షాపు తాళం తీస్తూ పడిపోయాడట. గుండెపోటు. ఎవరి మీదో తెలియదు గానీ, ఒళ్ళు మండిపోయింది.

వైజాగ్ నుంచి నర్సీపట్నం బస్సులో కుదురుగా కూర్చోలేకపోయాను. అనకాపల్లిలో టీకని ఆపితే కండక్టర్‌తో గొడవ పెట్టుకున్నాను. పాపం, అతనేం చేశాడు.

తెలియని వాళ్ళ కోసం చెప్తున్నా. అన్నయ్య మా పెద్దమ్మ కొడుకు. బలిఘట్టం రోడ్డులో మోటార్ వైండింగ్ షాపు. చెరకు రైతులు కాలిపోయిన మోటార్లు తెచ్చేవారు. రాగి తీగ కోసం వైజాగ్ వెళ్ళినప్పుడల్లా, క్యాసెట్ల షాపుల్లో ఎవరూ కొనక మూల పడేసిన పాప్ ఆల్బమ్స్ ఏరుకొచ్చేవాడు.

ఒక్క ఆల్బమ్ చేసి మాయమైపోయిన సింగర్లు. ఎవరూ పేరు వినని బ్యాండ్లు. సగం హిందీ, సగం ఇంగ్లీషు. ఆయనకి రెండూ అంతంతమాత్రమే.

"సినిమా పాటలు ఎవులైనా ఇంటారు. ఇయ్యి మనం కూడా ఇనకపోతే, పాపం ఆ పిల్ల ఎందుకు పాడినట్టు?" అనేవాడు.

ఆయన దగ్గర క్యాసెట్లు తీసుకునే మన గ్యాంగ్‌లో అందరికీ తెలిసిన సంగతే, అన్నయ్య ఏ క్యాసెట్టూ మొదటి నుంచి విననిచ్చేవాడు కాదు. నీకు ఏ పాట నచ్చుతుందో తనే ఆలోచించి, అక్కడిదాకా పెన్నుతో తిప్పి ఇచ్చేవాడు. ఒకే క్యాసెట్ నాకొక చోట, మా తమ్ముడికి ఇంకో చోట.

ఇంటర్‌లో ఉండగా మొదటిసారి నాకొకటి ఇచ్చాడు. నేను మర్యాదస్తురాలిని కదా, శుభ్రంగా మొదటికి రివైండ్ చేసి విన్నాను.

"ఏటి సేసావే? అరగంట కూకుని తిప్పాను నీకోసం!"

వారం రోజులు మాట్లాడలేదు. నిజంగానే.

ఒక ఆదివారం ఆరాధనకి ముందు చర్చి మైకులో ఏదో ఇంగ్లీషు ఆల్బమ్ పెట్టాడు. శుద్ధ లవ్ సాంగ్. నాకు చెమటలు పట్టాయి. పాస్టర్ గారు కళ్ళు మూసుకుని ఆసాంతం విన్నారు.

"బాగుంది జోసెఫూ. ఎవరు రాసిన కీర్తన?"

"కొత్తోళ్ళండి," అన్నాడు, మొహంలో మార్పు లేకుండా.

ఎంపీత్రీలు వచ్చాక మనమంతా మారిపోయాం. ఆయన మారలేదు. ఆయనకొకటే పట్టుదల. ఒక్క పాట కూడా దాటెయ్యక్కర్లేని ఆల్బమ్ ఎక్కడో ఉండే ఉంటుందని.

"అది దొరికిన రోజున తిప్పకుండా ఇస్తాను సూడు," అనేవాడు. నేను నవ్వేదాన్ని.

ఈ రోజు మధ్యాహ్నం సమాధుల తోట నుంచి వచ్చాక వదిన నా చేతిలో ఒక క్యాసెట్ పెట్టింది. అట్ట మీద పసుపు గొడుగు పట్టుకున్న ఒకమ్మాయి. నేనెప్పుడూ చూడని మొహం.

"నీకోసమే ఉంచారు," అంది.

డబ్బా తెరిచి చూస్తే టేపంతా ఎడమ చక్రం మీదే ఉంది. సైడ్ ఏ, మొట్టమొదటికి.

నాకు పిచ్చెక్కినంత పనైంది. ఇంటినిండా చుట్టాలు. ఎవరో రివైండ్ చేసేశారు! అన్నయ్య నాకోసం ఏ పాట దగ్గర ఆపాడో ఇక ఎప్పటికీ తెలియదు. "ఎవరు ముట్టుకున్నారు దీన్ని?" అని అరిచేశాను. చావింట్లో. అందరూ నా వైపే చూశారు.

వదిన వచ్చి నా చెయ్యి పట్టుకుంది.

"ఎవులూ ముట్టుకోలేదమ్మా. మూడు సార్లు ఇన్నారు, మూడు సార్లూ ఆయనే ఎనక్కి తిప్పారు. ఈసారి మొదట్నుంచీ ఇనమని సెప్పమన్నారు."

అక్కడే కూలబడి ఏడ్చాను. నిన్నటి నుంచి రాని ఏడుపు.

షాపులోంచి అన్నయ్య టేప్ రికార్డర్ తెచ్చి పక్కన పెట్టుకుని ఇది రాస్తున్నాను. వదిన కూడా ఇక్కడే కూర్చుంది. సైడ్ ఏ అయిపోయింది. ఒక్క పాటా దాటెయ్యలేదు. నువ్వు చెప్పింది నిజమే అన్నయ్యా.

మీకెవరికి కావాలన్నా ఇస్తాను. కానీ మొదటికి తిప్పి ఇస్తాను, మొదటి నుంచే వినాలి.

ఇప్పుడు సైడ్ బీ పెడుతున్నాం. నువ్వు హాయిగా పడుకో అన్నయ్యా. దేవుడి దగ్గర నీకు నెమ్మది దొరకాలి.