టీచరమ్మ మోకాలు, నా కరెంటు

ఆ రోజుల్లో నాకు నా చదువు మీద ఉన్న గౌరవం ఆ తర్వాత మరెప్పుడూ లేదు. తెనాలిలో ఓ చిన్న క్లినిక్కులో ఫిజియోథెరపిస్టుగా కొత్తగా చేరాను. ఇంట్లో అమ్మ నడుం పట్టేసిందన్నా పుస్తక భాషలోనే జవాబు చెప్పేవాణ్ణి. (అమ్మ నా మాట పూర్తికాకముందే వేణ్ణీళ్ల కాపడానికి లేచిపోయేది.) అలాంటి నా చేతికి రేపల్లె నుంచి రైల్లో వచ్చే ఒక రిటైర్డు టీచరమ్మ చిక్కింది. లేదా నేనే ఆవిడకు చిక్కాను.

ఆవిడకు మోకాళ్లు అరిగాయి. నొప్పికంటే ఆవిడను బాధపెట్టింది వేరే. చర్చిలో ప్రభు భోజనానికి అందరూ మోకరిస్తే, ఆవిడ ఒక్కతే నిలబడాల్సి వస్తోంది. "ఎంతమంది పిల్లల్ని క్లాసులో నిలబెట్టానో. ఇప్పుడు దేవుడు నన్ను నిలబెట్టాడయ్యా," అంది.

తొడ కండరం బలహీనపడితే భారమంతా మోకాలి మీద పడుతుందని, అందుకే తొడకు ప్యాడ్లు అంటించి కొద్దిపాటి కరెంటు పంపుతామని, అది కండను బిగించినప్పుడల్లా ఆవిడ కూడా కాలు చాపి బిగించాలని వివరించాను. ఆవిడకు మొదటి సగమే నచ్చింది. ప్యాడ్లు అంటించగానే హాయిగా కళ్లు మూసుకునేది. కాలు చాపమంటే, ఇంత పెద్ద మిషనుండగా ముసల్దానితో పనేంటనేది. (పక్క మంచాలవాళ్లంతా ఆవిడ పక్షమే.)

ఓ రోజు పంతం పట్టి, ప్యాడ్లు నా తొడకే అంటించుకుని స్టూలు మీద కూర్చున్నాను. ఉపన్యాసం ధోరణిలో పడి బొత్తాం కాస్త ఎక్కువే తిప్పాను. నా కాలు నన్నడక్కుండానే లేచి ఎదుటి ట్రేను తన్నింది. దూది, జెల్లు నేలపాలయ్యాయి. పెద్ద డాక్టరుగారి టీ మాత్రం నా కోటు మీదికొచ్చింది.

టీచరమ్మ నవ్వలేదు. కళ్లద్దాలు సర్దుకుంది. "నీ కాలు నీ మాట వినలేదేంటయ్యా?"

"నేను దాంతో కలిసి చెయ్యలేదండి. కరెంటు దాని ఇష్టం వచ్చినట్టు లాగేసింది."

ఆవిడ వేలితో గాల్లో ఓ అక్షరం దిద్దింది. "అంటే, పిల్లాడి చెయ్యి పట్టుకుని మనం అక్షరం దిద్దిస్తే సరిపోదు, వాడూ దిద్దాలన్నమాట. ఆ ముక్క ముందే చెప్పొచ్చుగా."

(వారం రోజులుగా నేను చెబుతున్నది అదే.)

ఆ రోజునుంచి కరెంటు పట్టినప్పుడల్లా కాలు చాపి, ఎక్కం అప్పజెప్పుతూ బిగించేది. కొన్నాళ్లకు పక్క మంచాలవాళ్లూ అందుకున్నారు. తప్పు చదివినవాళ్లు మళ్లీ మొదటినుంచి చేయాల్సిందే. తెనాలిలో ఎక్కాలు వినిపించే క్లినిక్కు మాదొక్కటే అయివుంటుంది.

కొన్ని నెలలకు ఓ ఆదివారం నన్ను రేపల్లె రమ్మంది. చర్చిలో చివరి బెంచీలో కూర్చున్నాను. ఆవిడ ముందున్న కమ్మీ పట్టుకుని నెమ్మదిగా మోకరించింది. నా గుబులంతా లేవడం గురించే. పక్కవాళ్లు చేతులు చాచారు. ఆవిడ తల అడ్డంగా ఊపి, తనంతట తనే లేచింది. నాకు కళ్లు చెమర్చి, కిటికీ వైపు తిరిగాను. బయటికొచ్చాక మాత్రం, "పూర్తిగా తగ్గలేదు సుమా, మెట్ల దగ్గర ఇంకా కలుక్కుమంటోంది," అని నిష్ఠూరమాడింది.

ఇప్పుడు బాపట్లలో ఉంటున్నాను. మొన్న మేడ దిగుతుంటే నా మోకాలూ కిర్రుమంది. అందరికీ చెప్పే వ్యాయామాలు మీరు చేసుకోరేంటని మా ఆవిడ అడిగింది. తీరిక లేదన్నాను. ఆనాటి ఆ కుర్ర ఫిజియోథెరపిస్టు ఎదురైతే నాకు తొడ కండరం గురించి అరగంట చెప్పేవాడు. ఈనాటి నేను మర్యాదగా తలూపి, ప్యాడ్లు అంటించమనేవాణ్ణి.