డేల్ సారు ఊరికి నేను తవ్వించిన సరస్సు

వీడ్కోలు సభలో ఒక పెద్దమనిషిని కేకు ముందు నిలబెట్టి, ఆయన సొంత ఊరినే మార్చేసిన ఘనత ఖతర్ మొత్తంలో నాకొక్కడికే దక్కింది. ఆ రోజు నా పరువు ఎలా పోయిందో చెబుతాను, నవ్వుకోండి. మీరు మొహమాటపడినా ఫరవాలేదు, మీ వంతు కూడా నాతో పనిచేసిన ఖాజా భాయ్ ఇప్పటికీ నవ్వుతూనే ఉన్నాడు.

అప్పట్లో నేను అల్ ఖోర్ దగ్గర ఒక కంపెనీ సైటులో స్టోర్‌కీపర్‌ని. నా ఆఫీసు ఒక ఇనుప కంటెయినర్. అందులోని ఏసీకి దగ్గడం, గురక పెట్టడం, నీళ్ళు కార్చడం అన్నీ వచ్చు, చల్లబరచడం తప్ప. మా ప్రాజెక్టు మేనేజర్ డేల్ సారు పని ముగించుకుని అమెరికాలోని తన ఊరికి వెళ్ళిపోతున్నాడు. వెళ్ళే ముందు స్టోరు నుంచి ఒకరిని మెయిన్ ఆఫీసుకి మారుస్తానన్నాడు. పోటీలో ఇద్దరమే: కోనసీమ నుంచి నేను, జగిత్యాల నుంచి ఖాజా భాయ్.

"సారుది మేపుల్ టౌన్‌షిప్ అంట భాయ్. ఆయన ఊరి మీద స్పీచ్ దంచేస్తాను, పడిపోతాడు చూడు," అన్నాను.

"నీకేమెరుక తమ్మీ ఆ ఊరి సంగతి?"

"పదో తరగతి సోషల్‌లో తొంభై ఒకటి నాకు!"

"అయినా ఒకపారి సార్నే అడుగరాదు?"

"అడిగేస్తే ఇంక సర్‌ప్రైజ్ ఏముంటాది?"

ఫోనులో వెతికితే మేపుల్ టౌన్‌షిప్ ఇట్టే దొరికింది. దాని కింద ఇంకా బోలెడు మేపుల్ టౌన్‌షిప్పులు కనిపించాయి. పాపం, ఒకే ఊరి గురించి ఇంతమంది రాసుకున్నారే అని జాలిపడి, మొదటిదే పట్టుకున్నాను. అమెరికాలో ఒకే పేరుతో రాష్ట్రానికో ఊరు ఉంటుందన్న సంగతి నా తొంభై ఒక్క మార్కుల్లో ఎక్కడా లేదు.

కేకు కూడా నేనే చేయించాను. ఫోనులో చూసినట్టే చుట్టూ పచ్చ క్రీముతో కొండలు, నడుమ నీలం క్రీముతో ఇంత సరస్సు.

సభలో మైకు పట్టుకున్నాను. "సార్, మీరు ఈ సరస్సులోనే ఈత నేర్చుకుని ఉంటారు!"

"నాకు ఈత రాదు," అన్నాడు సారు.

"చూశారా వినయం!" అని చప్పట్లు కొట్టించాను. "ఈ ఎత్తైన కొండలు, ఏటేటా పెరిగే జనాభా..."

"పెరిగే?" అంటూ సారు లేచాడు. ప్లాస్టిక్ కత్తి తీసుకుని నా కొండల్ని ఒక్కొక్కటే చదును చేశాడు. ఆ చదును మీద నిలువుగా, అడ్డంగా గీతలు గీశాడు. "మా ఊరు ఇది. బల్లలా ఉంటుంది. నలుచదరం. రోడ్లన్నీ ఇలా తిన్నగా పోతాయి. మిగిలిందంతా మొక్కజొన్న, సోయా. నువ్వు చెప్పింది పక్క రాష్ట్రంలోని మేపుల్." తర్వాత సరస్సును జాగ్రత్తగా కోసి, పళ్ళెంలో పెట్టి నా చేతికిచ్చాడు.

హాలంతా గొల్లున నవ్వింది. ఏదో ఒకటి నిలబెట్టుకోవాలని, "మరి జనాభా సార్?" అన్నాను.

"మన క్యాంపులో ఒక బ్లాకులో పడుకునేంతమంది. కుర్రాళ్ళందరూ వెళ్ళిపోతున్నారు. నేను తిరిగి వెళ్తున్నాను కదా, ఒకరు పెరుగుతారు." కత్తికి అంటిన నీలం క్రీము తుడిచాడు. "ఇన్నేళ్ళలో మా ఊరి గురించి పట్టించుకున్నవాడివి నువ్వే. అది మా ఊరు కాకపోయినా."

నా కళ్ళు చెమర్చాయి. ఆఫీసు నాదే అనుకున్నాను. అంతలో సారు ఖాజా వైపు తిరిగి, "ఇతనికి ఎవరూ చెప్పలేదా?" అన్నాడు.

"మిమ్మల్ని అడుగుమన్న సార్. ఇనలే."

అడిగి తెలుసుకునే మనిషే ఆఫీసుకి కావాలట. అలా కుర్చీ ఖాజాకి, సరస్సు నాకు.

సారు విమానం ఎక్కిన మర్నాడు ఖాజా భాయ్ స్టోరుకి వచ్చాడు. "తమ్మీ, కొరియర్ పంపాలె. ఇంతకీ సారుది ఏ రాష్ట్రం?"

నేను ఖాజాని చూశాను. ఖాజా నన్ను చూశాడు.

"నువ్వు అడగలేదా భాయ్?"

"నువ్వు అడిగినవనుకున్న!"

అందుకే సకల దిక్కుల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఇకపై ఏ మనిషి ఊరి గురించైనా, ఆ మనిషిని అడగకుండా నోరు విప్పను. కేకు అయితే ఏ బొమ్మా లేని తెల్లదే చేయిస్తాను.