ముక్కుతో నొక్కే పరశురాములు

పరశురాములుకు పది వేళ్లూ ఉన్నాయి. కానీ ఫోన్‌ను మాత్రం ముక్కుతో నొక్కుతాడు. మహబూబాబాద్‌లోని ఆ చిన్న యాప్‌ల ఆఫీసులో ఏ స్క్రీన్‌ మీద ఏ బటన్ ఎక్కడ ఉండాలన్నా ముందు ఆ ముక్కు ఒప్పుకోవాలి.

అతను ఫోన్ మీదికి వంగితే వాసన చూస్తున్నాడో, ముద్దు పెడుతున్నాడో కొత్తవాళ్లకు తెలిసేది కాదు. "అద్దాలు జేయించుకోరాదు సారూ" అని చాయ్ తెచ్చే ఆమె జాలిపడింది కూడా. అతనికి జలుబు చేసిన వారం ఒక్క స్క్రీనూ పాసవలేదు.

కొత్తగా చేరిన శ్రీలతకు ఆ ముక్కంటేనే ఒళ్లుమంట. మిర్చి ఏరే కూలీలు ఇంటికెళ్లడానికి ఆటో పిలుచుకునే యాప్‌కు ఆమె తన మొదటి స్క్రీన్ చేసింది. ముత్యాల్లాంటి ఎనిమిది చిన్న బటన్లు, వరసగా. యాప్ చేయించుకుంటున్న కరుణాకర్‌కు నచ్చితేనే ఆమె ఉద్యోగం ఖాయం.

పరశురాములు వంగి నొక్కాడు. ఒకేసారి మూడు బటన్లు పడ్డాయి.

"నీది ముక్కా, రోకలా అన్నా?"

"ముక్కే చెల్లె. నువ్వే బటన్లను ఆవాలు జేసినవ్. జర రొట్టెలు జెయ్యి."

"చెయ్య!"

మరునాడు గార్ల దగ్గర మిర్చి చేలో, కరుణాకర్ ముందు, యాప్ తెరిచిన శ్రీలత తన స్క్రీన్‌నే గుర్తుపట్టలేకపోయింది. ఆమె వేసిన రంగులున్నాయి, ముత్యాలు లేవు. కింది సగమంతా ఒకటే బటన్: 'ఆటో రావాలె'.

"నా కొలువు తీసినవ్ గదన్నా!" అని పక్కనున్న పరశురాములు మీద పళ్లు కొరికింది.

కరుణాకర్ ఒక కూలీకి ఫోన్ ఇచ్చాడు. మిర్చి మంట తగలకుండా ఆమె వేళ్లన్నిటికీ గుడ్డపేలికలు చుట్టుకుంది. నొక్కింది. గుడ్డచుట్టిన వేలు ఫోన్‌కు తెలియలేదు. మళ్లీ నొక్కింది. ఉలుకూ పలుకూ లేదు.

ఆ కూలీ విసుగ్గా ఫోన్‌ను మొహం దగ్గరికి తెచ్చుకుని, ముక్కుతో టక్కున నొక్కింది.

"ఆటో వస్తున్నది" అంది ఫోన్.

"మా రాజక్క" అన్నాడు పరశురాములు సిగ్గుపడుతూ. "చేలకెళ్లి నాకు గిట్లనే ఫోన్ జేస్తది."

"ఏం జెయ్యాలె తమ్మీ, గా పాత ఫోన్ల అన్నీ సన్న బటన్లాయె" అంది రాజక్క. "మొన్న మీ బావను తిడ్దామని నొక్కితే మా అత్తకు పోయింది. మొత్తం తిట్టినంక తెలిసింది!"

చేను చేనంతా పకపకా నవ్వింది. కరుణాకర్ కళ్లు తుడుచుకుంటూ అడిగాడు, "గీ స్క్రీన్ ఎవలు జేసిండ్రు?"

"మా చెల్లె శ్రీలత" అన్నాడు పరశురాములు.

"కాదు సార్..." అనబోయిన శ్రీలత కాలిని అతను గట్టిగా నొక్కాడు. ముక్కుతో కాదు, చెప్పుతో.

ఉద్యోగం ఖాయమైంది. ఇప్పుడు ఆ ఆఫీసులో ఫోన్ల మీద రెండు ముక్కులు వంగి కనిపిస్తాయి. శ్రీలత ముక్కు మరీ సన్నదని, దాని సాక్ష్యం చెల్లదని పరశురాములు రోజూ తగవు పెట్టుకుంటాడు.