ఓబుళేసు సాక్షి సంతకం

ఓబుళేసు రాయదుర్గంలో జీన్స్ ప్యాంట్లకు కాజాలు వేసేవాడు. పదో తరగతి పాసయ్యాడు, దస్తూరీ బాగుంటుంది, అడిగితే కాదనడు. అందుకని ఊళ్లో ఏ కాగితానికి సాక్షి కావాలన్నా అతని ఇంటికే వచ్చేవాళ్లు.

2004 ఎండాకాలంలో ఒక పరిశోధన బృందం ఊరికొచ్చింది. మోకాళ్ల నొప్పులకు కొత్త మాత్ర పనిచేస్తుందో లేదో వాళ్లు తేల్చుకోవాలి. సగం మందికి ఆ మాత్ర, సగం మందికి మందు లేని ఉత్త మాత్ర. ఎవరికి ఏది పోతుందో ఇచ్చే డాక్టరుకూ తెలియదు, మింగేవాళ్లకూ తెలియదు. చేరేవాళ్లు ఇదంతా విని ఒప్పుకోవాలి. వేలిముద్ర వేసేవాళ్లయితే, చదువొచ్చిన బయటి మనిషి ఒకరు పక్కనుండి, "నా ఎదుట చదివి వినిపించారు, వీరికి అర్థమైంది" అన్నచోట సంతకం పెట్టాలి. ఆ బయటి మనిషిగా ఓబుళేసును పెట్టుకున్నారు.

ఆదివారం బడి వరండాలో పని మొదలైంది. అనంతపురంలో డిగ్రీ చదివి ఆ బృందంలో ఉద్యోగానికి చేరిన పద్మప్రియ నాలుగు పేజీలూ చదివింది. ముందు కూర్చున్నది ఆంజినమ్మ. అరవై దగ్గర పడ్డాయి, గొర్రెల వెంట తిరిగి తిరిగి రెండు మోకాళ్లూ అరిగిపోయాయి. చదవడం అయిపోకముందే ఆమె బొటనవేలికి ఇంకు పూసుకుంది.

"అత్తా, ఏమర్థమైంది నీకు?" అని ఓబుళేసు అడిగాడు.

"ఏముండాది, మంచికే చెప్తాండాది పాప. ఏలు యాడ ఒత్తల్ల?"

ఓబుళేసు పెన్నుకు మూత పెట్టేశాడు.

పద్మప్రియ మళ్లీ చదివింది. డాక్టరిచ్చే మాత్రలో మందెందుకు ఉండదు, ఈ పిల్లే ఎక్కడో తప్పు చదువుతోంది అని ఆంజినమ్మ తేల్చింది. తర్వాత వచ్చిన మారెప్ప ఇవి కరువు కింద సర్కారు ఇచ్చే మాత్రలనుకున్నాడు. చెన్నమ్మకు నొప్పులే లేవు, అందరూ వస్తుంటే వచ్చింది. సాయంత్రానికి ఇరవై ఆరు మంది వేలిముద్రలు వేశారు. సాక్షి సంతకాలు రెండే పడ్డాయి.

సంతకం పెట్టేదానికి వచ్చినావా, పరీక్ష పెట్టేదానికి వచ్చినావా అని పద్మప్రియ అతన్నే అడిగింది.

ఓబుళేసు నిదానంగా చెప్పాడు. "మా నాయన కంటి ఆపరేషన్‌కు నేను సదవకుండా సంతకం పెట్టినానమ్మా. ఆ కన్ను పోయింది. అడిగేదానికి పోతే నా సంతకమే నాకు సూపించినారు. అంతా చెప్పినాము, నువ్వు ఒప్పుకున్నావు అన్నారు. ఆ సంతకం ఎవురు పెట్టినారని మా నాయన మాత్రం సచ్చేదాకా అడగలేదు."

పద్మప్రియ కాగితాలు సర్దుకుని బస్సెక్కింది.

మరుసటి ఆదివారం పాత వేలిముద్రలన్నీ పక్కన పెట్టి మొదటి నుంచి మొదలుపెట్టారు. ఈసారి ఆమె నాలుగు పేజీలూ చదివాక రెండు శెనక్కాయలు తెచ్చింది. ఒకదాంట్లో గింజలున్నాయి, ఇంకోటి లోపలేమీ లేని లొట్టకాయ. ఓబుళేసు వాటిని రెండు పొట్లాలు కట్టి కలిపేశాడు. ఆంజినమ్మ రెంటినీ చాలాసేపు చూసింది.

"అంటే నాకు లొట్టకాయ రావచ్చు."

రావచ్చు అంది పద్మప్రియ.

"నాకొద్దనిపిస్తే నడిమధ్యలో మానేయొచ్చు."

మానేయొచ్చు, కారణం కూడా చెప్పే పనిలేదు అంది. ఆంజినమ్మ ఆలోచించుకుని వేలు ఒత్తింది. ఓబుళేసు ఇంటిపేరుతో సహా సంతకం చేశాడు. ఆ రోజు పదకొండు మంది చేరారు. తక్కువ పడినవాళ్లను డాక్టరు వేరే ఊళ్లో చూసుకున్నాడు.

మూడో నెలలో ఆంజినమ్మ మాత్రల డబ్బా తెచ్చి వరండాలో పెట్టి, మానేస్తున్నానని చెప్పి వెళ్లిపోయింది. పద్మప్రియ వెంట పోబోయి ఆగింది.

ఏడాది తర్వాత ఆమె సొంత ఖర్చుతో ఊరికొచ్చి ఫలితం చెప్పింది. కొత్త మాత్రకూ ఉత్త మాత్రకూ పెద్ద తేడా కనబడలేదు. చేరిన పదకొండు మందీ వరండాలో కూర్చుని విన్నారు. అందరూ లేచాక ఆంజినమ్మ తనంతట తానే కారణం చెప్పింది. అన్నం తిన్నాకే మాత్ర మింగమన్నారు. మేత కోసం గొర్రెలను తోలుకుని కర్ణాటకకు పోయినప్పుడు దారిలో ఏ పూట తింటుందో ఆమెకే తెలియదు.

అప్పుడే చెప్పి ఉంటే డాక్టరునడిగి ఏదో ఒక దారి చూసేవాళ్లం కదా అని పద్మప్రియ అంది.

"అది నువ్వు సదవలేదే పాపా" అంది ఆంజినమ్మ.

పద్మప్రియ బస్సు వచ్చేలోపు ఆ మాట తన నోటుపుస్తకంలో రాసుకుంది.