కొత్త గోడకు ముసలితనం

చట్టాన్ని మా నాయన అంత భక్తిగా తప్పించుకున్న మనిషిని నేనింకా చూడలేదు.

యుద్ధం జరుగుతున్న రోజులవి. మదనపల్లెలో ఆసుపత్రి బాట పక్కన మాది మట్టి మిద్దె. ఒక గది, దానికి ఆనుకుని వంటిల్లు. పుంగనూరుకు ఇచ్చిన మా మేనత్త మొగుణ్ణి పోగొట్టుకుని, ట్రంకుపెట్టెతో మా ఇంటికి వచ్చేసింది. ఆమెకు ముప్పై ఏళ్లు కూడా లేవు. మా అవ్వ, అంటే ఆమెను కన్నతల్లి, దగ్గరుండి గాజులు పగలగొట్టించింది, బొట్టు తుడిచింది, రంగుచీరలు కట్టనివ్వలేదు. అత్త పడక వీధి అరుగు మీద. బాటన పోయేవాళ్ల కళ్లన్నీ ఆమె మీదే.

"అన్నా, తలుపేసుకునేకి నాకంటూ ఒక మూల ఉంటే సాలు" అని నాయనను ఒక్కసారే అడిగింది.

మా ఊళ్లో సున్నం కొట్టుకోవచ్చు, మిద్దె మీద చౌడు మట్టి పోసుకోవచ్చు, పెళ్లికి పందిరి వేసుకోవచ్చు, పాత గోడ మరమ్మతు చేసుకోవచ్చు. వీటికి ఆఫీసులో ఎవరినీ అడగనక్కర్లేదు. కొత్త గోడకు మాత్రం పర్మిషన్ కావాలి. అందులోనూ ఆసుపత్రి బాటకు వేరే కట్టడి: బాట వైపు కొత్త గోడ లేపనివ్వరు. రోగులకు గాలి ఆడాలట. ఆ గాలిలో మా అత్త అరుగు మీద పడుకోవడం మాత్రం ఎవరికీ అభ్యంతరం కాలేదు.

మరమ్మతుకు అడ్డం లేదు కాబట్టి, మాకు కావలసిందల్లా ఒక పాత గోడ. నాయన తడికలు అడ్డం కట్టి, అరుగు పక్కన కొత్త గోడలు లేపి, పైన మిద్దె వేశాడు. బాట వైపు గోడను పాతది చేసే పని అవ్వకు అప్పగించాడు.

అవ్వకు ఆ పని కొట్టిన పిండి. పేడనీళ్లు చల్లింది. వేరుశనగ పొట్టు తగలబెట్టి పొగ పట్టించింది. మిద్దె మీది గడ్డిని పెళ్లగించి గోడ నెత్తిన నాటి, పూటపూటా నీళ్లు పోసింది. చివరికి వక్కాకు నమిలి మూలమూలనా ఉమ్మింది. గోడ మా అవ్వకంటే పెద్దదైపోయింది. అప్పుడు తడికలు తీశారు.

కుప్పం నుంచి బదిలీ మీద వచ్చిన ఓవర్సీరు, కట్టడాలు తనిఖీ చేస్తూ ఒకరోజు మా వాకిట్లో నిలబడ్డాడు.

"మా మామ కట్టిచ్చిన గోడ నాయనా ఇది" అని అవ్వ కన్నీళ్లు పెట్టుకుంది. చచ్చిన మామకు ఆమె అన్ని కన్నీళ్లు పెట్టగా మేమెవరమూ చూడలేదు.

ఓవర్సీరు గోడను ఎగాదిగా చూశాడు. "నిజమేమ్మా, శానా పాతది. ఇట్లాంటిది బాట పక్కన ఉండగూడదు. వానొస్తే ఎవురి మీదన్నా పడుతుంది. పడగొట్టేయండి" అన్నాడు.

పాతదంటే కూలుతుందని పడగొట్టాలి. కొత్తదంటే పర్మిషన్ లేదని పడగొట్టాలి. నాయన తెలివితేటలన్నీ కలిసి ఆయనను ఆ రెంటి మధ్యా నిలబెట్టాయి.

అప్పుడు అత్త బయటికి వచ్చింది.

"అయ్యా, అది మొన్న కట్టిన గోడ. గట్టిగా ఉండాది. మా యమ్మే దాన్ని ముసల్ది చేసింది, నన్ను చేసినట్టే."

అవ్వ కన్నీళ్లు ఠక్కున ఆగిపోయాయి. ఓవర్సీరు గొడుగు మొనతో గోడను గీకాడు. పేడ రాలి, లోపల ఎర్రమట్టి గట్టిగా కనిపించింది. పిడికిలితో గుద్ది చూశాడు. అరుగు మీద చుట్టి పెట్టిన అత్త చాప వైపు కాసేపు చూశాడు.

"సున్నం కొట్టించప్పా. దానికి ఎవుర్నీ అడగాల్సిన పన్లేదు" అని నాయనతో చెప్పి వెళ్లిపోయాడు. ఆఫీసు మనిషి మీద నాకు గౌరవం కలగడం అదే మొదలు, అదే కడ.

సున్నం అత్తే కొట్టింది. గోడ ఆరినాక చేతులు కడుక్కుని, ట్రంకుపెట్టె అడుగు నుంచి గాజులు తీసి రెండు చేతులకూ వేసుకుంది. అవి అన్నాళ్లూ అక్కడున్నట్టు మాకెవరికీ తెలియదు.

అవ్వ చూసింది. "ఎవుర్ని అడిగి ఏసుకున్నావే?" అని కేక పెట్టింది.

"దీనికీ అడగాల్సిన పన్లేదమ్మా" అని, అత్త తన గదిలోకి పోయి తలుపేసుకుంది.