ఇరవై నాలుగు లీవర్లు

లీవర్ ముట్టుకునే ముందు ఆయన భుజమ్మీది గుడ్డ తీసి పిడికి చుడతాడు. చేతి చెమట తగిలితే ఇనుము తుప్పు పడుతుంది. రైల్వే సిగ్నల్ కేబిన్‌లో ముప్పై ఒక్క ఏళ్ల అలవాటు. ఇంట్లో బీరువా తీయబోయినా చెయ్యి భుజమ్మీదికే పోతుంది.

"అది సిగ్నలు కాదు, తియ్యండి" అంటుంది భార్య.

రైళ్లు రావడం మానేసిన స్టేషన్ అది. కూలిపోబోతున్న భవనాన్ని నిలబెట్టి రైలు మ్యూజియం చేశారు. వచ్చినవాళ్లకి మేడమీది కేబిన్ గురించి చెప్పే పని ఆయనకిచ్చారు. అక్కడ వరసగా ఇరవై నాలుగు లీవర్లు. సిగ్నళ్లవి ఎర్రవి. పట్టాలు మార్చేవి నల్లవి. మార్చిన పట్టాలకు తాళం వేసేవి నీలం. ఏ పనీ లేనివి తెల్లవి.

ప్రారంభోత్సవం ముందురోజు సాయంత్రం ఆయన మెట్లెక్కేసరికి ఇరవై నాలుగూ ఎర్రగా నిగనిగలాడుతున్నాయి. పెయింటర్ డబ్బా మూత బిగిస్తున్నాడు. మ్యూజియం మేనేజరమ్మ ఫోటో తీసుకుంటోంది.

"బావుంది కదా బాబాయ్‌గారూ? ముందంతా కలగాపులగంగా ఉండేది."

"అన్నీ ఎర్రవైతే ఏది ఏదో ఎలా తెలుస్తుందమ్మా?"

"ఇప్పుడేం బండి వస్తుందని?"

"రాకపోతే పోనీ. వచ్చినా ఫరవాలేదన్నట్టుండాలి."

పెయింటర్ కిసుక్కున నవ్వాడు. ఆయన నవ్వలేదు. ఒకసారి జ్వరంతో కళ్లు బైర్లు కమ్మి లీవర్ల మీది అంకెలు అలుక్కుపోయాయి. అవతల నిండు బండి కూత వేస్తోంది. ఆ రోజు రంగు చూసి లాగాడు. "ఎర్రవి కానివి తుడిచేస్తానమ్మా" అన్నాడు.

"రంగు జోలికెళ్తే రేపట్నుంచి మీరు రానక్కర్లేదు" అందామె. "కేబిన్ తాళంచెవి ఇటివ్వండి."

"రేపిస్తాను."

ఇంట్లో భార్య అంతా విన్నది. "ఉన్న ఒక్క పనీ ఊడగొట్టుకుంటారా? రోజంతా ఇంట్లో ఉంటే మిమ్మల్నెవరు భరిస్తారు?"

"నువ్వే."

"నా ఖర్మ." లేచి వెళ్లి, అటక మీంచి రంగు వదిలించే టర్పెంటైన్ సీసా దింపింది. వెనకే రెండు పాత గుడ్డలు.

మర్నాడు తెల్లవారుతూనే ఆయన కేబిన్ తెరిచాడు. రంగు ఇంకా పచ్చిగానే ఉంది. ముందు నల్లవి తుడిచాడు, కింది పాత రంగు తేలింది. తర్వాత నీలంవి. పనిలో ఉన్నన్నాళ్లూ అదే వరస. పట్టాలు మారి తాళం పడందే సిగ్నల్ లీవర్ కదలదు. చివర్న తెల్లవి. ఎర్రవాటిని ముట్టుకోలేదు.

కింద కార్ల తలుపులు పడుతున్నాయి. మెట్ల మీద మేనేజరమ్మ గొంతు, ఆమె వెనక అతిథుల అడుగులు. ఆయన తాళంచెవి తీసి కిటికీ గట్టు మీద, అందరికీ కనబడేలా పెట్టాడు. చేతులు తుడుచుకున్నాడు. భుజమ్మీది గుడ్డ తీసి పిడికి చుట్టి, నల్లది లాగాడు.